అతుకు మీద అందం: ఇంటి గోడల కార్నిసులు, బీడింగులు, పట్టీలు

గోడ నేలను తాకేచోట, గోడ పైకప్పును తాకేచోట, తలుపు చట్రం గోడను తాకేచోట. ఇంట్లో పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఈ మూడు చోట్లే. ఎండకు, చెమ్మకు ఇటుక ఒక తీరున కదులుతుంది, కాంక్రీటు ఇంకో తీరున, కలప మరో తీరున. వేర్వేరు పదార్థాలు కలిసే గీత మీద సిమెంటు ఎంత నున్నగా పూసినా కొన్నాళ్లకు వెంట్రుకవాసి బీట తేలుతుంది. ఆ బీటను కప్పడానికి, ఆ అంచును దెబ్బల నుంచి కాపాడటానికి పుట్టినవే పట్టీలు: కింద స్కర్టింగు, పైన కార్నిసు, తలుపు చుట్టూ బీడింగు. అందం తర్వాత వచ్చి చేరింది. చేరి, చాలాచోట్ల అసలు పనిని మరిపించింది.

ఇవాళ హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖలోనో కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాగానే మొదలయ్యే ఇంటీరియర్ పనుల్లో ఈ పట్టీలది ముందు వరస. సోఫా వెనక గోడకు పెద్ద ఫొటో ఫ్రేముల్లాంటి బీడింగు చట్రాలు, టీవీ వెనక నిలువు గాళ్లతో ప్యానెళ్లు, పైకప్పు చుట్టూ పూలతీగల కార్నిసు, పూజగది తలుపుకు సీఎన్‌సీ మిషన్ మీద కోసిన జాలీ. పాతికేళ్ల కిందటి ఇళ్లను బాగుచేయించుకునేవాళ్లూ ఇదే దారి పడుతున్నారు. గోడ పగలగొట్టే పనిలేదు, గది తీరు మారిపోతుంది, మాడ్యులర్ కిచెన్‌తో పోలిస్తే ఖర్చూ తక్కువే. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ రెండు వానాకాలాలు గడిచేసరికి అవే పట్టీలు ఉబ్బి, రంగు పెచ్చులూడి, మూలల్లో నోరు తెరిచిన ఇళ్లు తక్కువేమీ కాదు. ఒక ఇంట్లో ఇరవై ఏళ్లు నిలిచింది మరో ఇంట్లో రెండేళ్లకే ఎందుకు పాడవుతోంది? తేడా ధరలో లేదు, డిజైను బొమ్మల్లోనూ లేదు. పట్టీ కింద నిజంగా ఒక అతుకు ఉందా, ఆ అతుకు దగ్గరికి నీళ్లు ఎటునుంచి వస్తాయి, దెబ్బ ఎక్కడ తగులుతుంది అని ముందే ఆలోచించారా లేదా అన్నదాంట్లో ఉంది. ఈ ఒక్క కొలతతోనే ఈ విషయం మొత్తాన్నీ పరిశీలించాలని నా ఉద్దేశం.

మన గోడలకు అంచులు కొత్త కాదు

పట్టీ పనిని పాశ్చాత్య అలంకరణగా చూడటం అలవాటైంది. నిజానికి ఈ విద్యలో మనవాళ్లు సాధించిన లోతు గుడి పునాదులు చూస్తే తెలుస్తుంది. గుడి గోడ నేల మీంచి తిన్నగా లేవదు. ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అంటూ ఒకదాని మీద ఒకటి పొరలుగా అధిష్ఠానం లేస్తుంది. ఒక పొర ముందుకు వస్తుంది, మరొకటి లోనికి పోతుంది, ఇంకొకటి గుండ్రంగా తిరుగుతుంది. ఏ పొర ఎన్ని భాగాల ఎత్తు ఉండాలో మయమతం, మానసారం లాంటి శిల్పశాస్త్ర గ్రంథాలు లెక్క కట్టి చెప్పాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ముందు మధ్యాహ్నం ఎండలో నిలబడితే ఈ పొరల పని కళ్లకు కడుతుంది. ముందుకొచ్చిన ప్రతి అంచు కింద ఒక నీడగీత. అంత బరువైన రాతికట్టడాన్ని ఆ గీతలే తేలికపరుస్తాయి. పైన చూరులా వంపు తిరిగిన కపోతం వాననీటిని గోడ మీదికి జారనీయకుండా దూరంగా వదులుతుంది. అందమూ, అవసరమూ ఒకే రాతిలో ఉన్నాయి. మోల్డింగు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ఇళ్లలోనూ అంతే. కోస్తా మండువా లోగిళ్లలో టేకు ద్వారబంధం మీద గజలక్ష్మి, పక్కల తీగలు, పద్మాలు చెక్కించారు. ఇంటికి ఏ పనిమీద వచ్చినవాళ్లయినా ముందు చూసేది దాన్నే. ఇంటి మొత్తంలో చెక్కుడు పనికి పెట్టిన డబ్బంతా దాదాపు ఆ ఒక్కచోటే. మంచి ముహూర్తం చూసి, పసుపు కుంకుమ పెట్టి, నవధాన్యాలు వేసి గడప నిలిపే ఆచారం ఇప్పటి అపార్టుమెంటుల రోజుల్లోనూ పోలేదు. గడపే ఇంటికి తొలి అతుకు. బయటా లోపలా కలిసే గీత.

పూరిళ్లకు, మట్టి మిద్దెలకు చెక్కుడు పని అందేది కాదు. వాళ్లు రంగుతో ఆ పని చేశారు. సున్నం కొట్టిన గోడ అడుగున జానెడో మూరెడో వెడల్పున జాజుతో ఎర్రటి పట్టె తీయడం తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చూరు నీళ్లు నేల మీద పడి గోడ మీదికి చిందేది సరిగ్గా అంత ఎత్తుకే. తెల్ల సున్నం మీద మరకలు ఎత్తి కనిపిస్తాయి, జాజు మీద కనిపించవు. ఏటా పండక్కి ఆ పట్టె ఒక్కటి మళ్లీ అలికితే గోడ కొత్తదవుతుంది. పాత బడుల్లో, ఆసుపత్రుల్లో, రైల్వే స్టేషన్లలో గోడ కింది సగానికి ముదురు ఆయిల్ పెయింటు వేసి, పైన సున్నం కొట్టి, మధ్యలో సన్నటి గీత లాగేవారు. అదీ ఈ కుటుంబంలోదే. చేతులు, భుజాలు, కుర్చీల వీపులు తగిలే ఎత్తు వరకు కడగడానికి వీలైన రంగు, ఆపైన చవక సున్నం. ఇవాళ డాడో అని, వెయిన్‌స్కాటింగ్ అని ప్యానెళ్లు అమ్ముతున్నది ఈ కింది సగానికే.

హైదరాబాదు గచ్చుపనిది వేరే ఘనత. 1591 నాటి చార్మినార్ మీది పూలు, వంపులు, తోరణాల అంచులు రాతివి కావు, సున్నపు గచ్చుతో మలిచినవి. పాయిగా సమాధుల దగ్గర ఈ పని ఎంత సన్నగా ఉంటుందంటే వేలితో తాకాలనిపిస్తుంది, తాకకూడదు. సున్నం గట్టిపడటానికి సమయం తీసుకుంటుంది కాబట్టి పనివాడికి చేత్తో తీర్చే వ్యవధి దొరుకుతుంది. పైగా అది చెమ్మను లోపల బంధించదు, మెల్లగా బయటికి వదిలేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ 2013 నుంచి చేపట్టిన పునరుద్ధరణలో పెద్ద భాగం, వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నం వేయడమే. పాత సున్నపు గోడల ఇల్లున్నవాళ్లందరికీ ఇది నేరుగా వర్తిస్తుంది. తాతలనాటి ఇంట్లో సున్నపు కార్నిసు విరిగితే సిమెంటుతో పూడ్చకండి. సిమెంటు చెమ్మను లోపలే ఆపేస్తుంది, దాని పక్కనున్న మంచి సున్నం కూడా పొడిపొడిగా రాలిపోతుంది.

అక్కడి ఇల్లు వేరు, ఇక్కడి ఇల్లు వేరు

ఇప్పుడు మన ఇళ్లలోకి వస్తున్న తెల్లటి పట్టీల రూపం చాలావరకు అమెరికా ఇళ్లది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఇంటినో, కూతురు ఇంటినో చూసి వచ్చిన తల్లిదండ్రులు, అక్కడ కొన్నేళ్లుండి తిరిగొచ్చిన కుటుంబాలు అదే తీరు ఇక్కడా కావాలని అడుగుతున్నారు. కోరుకోవచ్చు. కానీ అక్కడ ఆ పట్టీలు ఎందుకున్నాయో ముందు తెలుసుకోవాలి. అక్కడి ఇల్లు కలప చట్రంతో కట్టింది. 16 అంగుళాలకో నిలువు కలప, దాని మీద అర అంగుళం జిప్సం బోర్డు. ఆ బోర్డును నేలకు ఆనించరు, చెమ్మ పీల్చకుండా కాస్త పైకే ఆపేస్తారు. కింద మిగిలిన సందును కప్పేది బేస్‌బోర్డు. తలుపు చట్రాన్ని దానికన్నా కాస్త పెద్ద ఖాళీలో నిలిపి, సన్నటి చెక్కపేళ్లతో సరిచేస్తారు. చుట్టూ మిగిలిన ఖాళీని కప్పేది తలుపు పట్టీ. పట్టీ లేకపోతే ఆ ఇల్లు పూర్తి కానట్టే. మేకు కొట్టడానికి వెనకే కలప ఉంటుంది కాబట్టి పనీ సులువు.

మన గోడ ఇటుకదో, ఏఏసీ బ్లాకుదో, ఈమధ్య ఎత్తయిన టవర్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో నిలువెల్లా పోసిన కాంక్రీటుదో. ప్లాస్టరింగు నేలదాకా దిగుతుంది. అడుగున కప్పాల్సిన సందు లేదు, కాపాడాల్సిన అంచు మాత్రం ఉంది. రోజూ తడిబట్టతో నేల తుడిచే ఇళ్లు మనవి, వారానికోసారి బకెట్ల నీళ్లు పోసి కడిగేవాళ్లూ ఉన్నారు. అందుకే మనవాళ్లు స్కర్టింగును టైలుతో, గ్రానైటుతో 4 అంగుళాల ఎత్తున వేస్తారు. అది సరైన నిర్ణయం. దాన్ని పాతకాలపుదని పీకించి, విదేశీ ఫొటో చూసి 6 అంగుళాల తెల్ల ఎండీఎఫ్ పట్టీ వేయించడం నాకు ఏమాత్రం నచ్చని పని. ఎండీఎఫ్ అంటే కలప పీచును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు. కోసిన అంచు నుంచి నీళ్లు పీల్చిందంటే ఉబ్బుతుంది, ఎండాక మళ్లీ మామూలు కాదు. నేలకు ఆనుకునేది సరిగ్గా ఆ కోసిన అంచే. తెల్ల పట్టీ రూపమే కావాలనుకుంటే కింది రాతి స్కర్టింగును అలాగే ఉంచి, దాని పైఅంచు మీద సన్నటి పట్టీ ఒకటి ఎక్కించి రెండింటికీ ఒకే రంగు కుదిరేలా చూసుకోవచ్చు. నీళ్లు రాతికి తగులుతాయి, కంటికి ఎత్తయిన పట్టీ కనిపిస్తుంది.

గోడను బట్టి బిగింపు మారుతుంది. ఏఏసీ బ్లాకు తేలికగా, గాలి బుడగలతో ఉంటుంది, మామూలు మేకునూ స్క్రూనూ గట్టిగా పట్టుకోదు. దానికి తగిన ప్లగ్గులు వేరే దొరుకుతాయి. ఫార్మ్‌వర్క్ కాంక్రీటు గోడ అద్దంలా నున్నగా ఉండటంతో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) గాని, జిగురు గాని దాని మీద నిలవవు, ముందు గరుకు చేయాలి. బరువున్న పట్టీకి జిగురొక్కటే చాలదు, స్క్రూ కూడా ఉండాలి.

పీఓపీ సంగతి

పైకప్పు అంచులకు మన దగ్గర రాజ్యమేలుతున్నది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ముడి జిప్సంలో బరువు లెక్కన ఐదో వంతు నీరు స్ఫటికాల్లో బంధించి ఉంటుంది. దాన్ని సుమారు 150 డిగ్రీల వేడి దగ్గర కాలిస్తే ఆ నీటిలో ముప్పాతిక భాగం పోయి పొడి మిగులుతుంది. ఆ పొడికి నీళ్లు కలపగానే పోయిన నీటిని తిరిగి పట్టుకుని నిమిషాల్లో గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు కొద్దిగా వ్యాకోచిస్తుంది కూడా. అందుకే అచ్చులోని ప్రతి గాడిలోకీ, ప్రతి ఆకు కొసలోకీ చొచ్చుకుపోయి అంత సన్నటి రూపం వస్తుంది. అచ్చులో పోసేటప్పుడు కొబ్బరి పీచు కలుపుతారు, ఎత్తి బిగించేటప్పుడు విరగకుండా. ఇంకో పద్ధతిలో రేకును కార్నిసు ఆకారంలో కత్తిరించి, గోడ మీదే తడి పీఓపీ వేసి, ఆ రేకును ఒకే పట్టున లాగుకుంటూ పోతారు. ఇలా లాగిన కార్నిసుకు మధ్యలో అతుకులుండవు. చేతనైనవాడి పని చూస్తే ముచ్చటేస్తుంది. ఈ పనివాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి వలస వచ్చినవాళ్లు. పని ముగిశాక వాళ్లు మళ్లీ దొరకకపోవచ్చు కాబట్టి మరమ్మతు సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది.

జిప్సంకు శత్రువు నీరు. అది నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. పైఅంతస్తు బాత్‌రూము నుంచి స్లాబులోకి దిగే చెమ్మ, డాబా మీద నిలిచిన వాననీరు, ఏసీ డ్రెయిన్ పైపు నుంచి జారే చుక్క, వీటిలో ఏ ఒక్కటి చేరినా కార్నిసు మెత్తబడుతుంది, లోపలి ఇనప మేకు తుప్పు పట్టి గోధుమరంగు చుక్కలు పైకి తేలతాయి. కాబట్టి పీఓపీ పని మొదలుపెట్టే ముందు ఒక వానాకాలం ఆగి స్లాబును చూసుకోగలిగితే అంతకన్నా మంచి జాగ్రత్త లేదు. ఆగలేనివాళ్లు కనీసం పైవాళ్ల బాత్‌రూము ఏ గది మీద ఉందో తెలుసుకోవాలి, డాబా మీద నీళ్లు కట్టి పరీక్షించాలి. చెమ్మ మరక ఉన్న చోట కార్నిసు వేస్తే మరక మరుగున పడుతుంది గాని కారడం ఆగదు. పైగా ఎక్కడ కారుతోందో కనిపించకుండా పోతుంది. ఈ ఒక్క సందర్భంలో పట్టీ ఇంటికి కీడే చేస్తుందని గట్టిగా చెప్పగలను.

జిప్సంకు ఒక మేలు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది మండదు. మంట తగిలితే అందులో బంధించి ఉన్న నీరు ఆవిరై వేడిని కొంతసేపు ఆపుతుంది. దాని స్థానంలో ఇప్పుడు వస్తున్న థర్మోకోల్ తరహా పాలిస్టైరీన్ పట్టీలు, పీవీసీ ప్యానెళ్లు అలా కాదు. పాలిస్టైరీన్ అంటుకుంటే దట్టమైన నల్లపొగ వస్తుంది. పీవీసీ కాలితే గొంతును, ఊపిరితిత్తులను మండించే ఆమ్లవాయువు వెలువడుతుంది. వంటగదిలో, పూజగదిలో దీపం వెలిగే మూలన, స్విచ్‌బోర్డుల చుట్టూ వీటిని వాడకపోవడమే మేలు. చార్‌కోల్ ప్యానెల్ అని, లూవర్ అని అమ్మేవాటిలోనూ ప్లాస్టిక్కే ప్రధానం, కొనేముందు దేనితో చేశారని అడగండి. పాలియూరిథేన్ పట్టీలు, అంటే దుకాణాల్లో పీయూ అనేవి, తేలికైనవి, నీటికి చెడవు, చెద పట్టదు, చెక్కుడు గీతలు కూడా స్పష్టంగా ఉంటాయి. సముద్రగాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఇళ్లలో పైకప్పు అంచులకు పీఓపీ కన్నా ఇవే నయమని నా అంచనా. మంట విషయంలో మాత్రం ఇవీ ప్లాస్టిక్కే.

కలపకు కదలిక తప్పదు

అసలు కలప పట్టీ ఎండకు, చెమ్మకు అడ్డంగా కదులుతుంది, పొడవులో దాదాపు కదలదు. హైదరాబాదు ఎండాకాలపు పొడిగాలికి వెడల్పు తగ్గుతుంది, వానల్లో పెరుగుతుంది. ఆ కదలికకు చోటిచ్చి బిగించినవాడే వడ్రంగి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును ఒక్కో పోగూ మెలివేసి కలుపుతారు. రెండు వేర్వేరు పోగులు కలిసేచోట నేతగాడు తన శ్రద్ధంతా పెడతాడు. గోడకూ కలపకూ మధ్య అతుకుకు కూడా అంత శ్రద్ధ కావాలి. వెనకవైపు కూడా ప్రైమరు పూసిన పట్టీ వంకర తిరగదు, కానీ వెనక ఎవరికీ కనిపించదని చాలామంది వదిలేస్తారు. గోడకూ పట్టీకీ మధ్య మిగిలిన సందును పూడ్చడానికి సిలికాన్ వాడితే దాని మీద రంగు నిలవదు. రంగు వేయబోయే చోట అక్రిలిక్ సీలెంటు వాడాలి. చిన్న విషయమే, దీనివల్ల చెడిపోయిన పనులు మాత్రం చిన్నవి కావు.

టేకు పట్టీ కొని దాని మీద తెల్ల రంగు వేయించడం వృథా. రంగు వేసేదైతే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే తేమ తట్టుకునే బోర్డుతో చేసిన పట్టీ చాలు, నేలకు దూరంగా, బాత్‌రూము గోడకు అవతలి వైపు కాకుండా చూసుకోవాలి. ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 303, ఐఎస్ 710 ముద్రలు చూసినట్టే ఎండీఎఫ్‌కు ఐఎస్ 12406 ముద్ర చూడాలి. కొత్త బోర్డుల జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పసిపిల్లలున్న గదిలో ఉద్గారాలు తక్కువగా ఉండే ఈ1 తరగతి అడగటం, పని ముగిశాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచడం అవసరం.

పాత ఇంటి చెక్కిన ద్వారబంధాన్ని బాగుచేసేవాళ్లు ఒక ప్రమాదం తెలుసుకోవాలి. దశాబ్దాలుగా పొరలు పొరలుగా పడిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందరి రంగును పొడిగా గీకితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల నోట్లోకి పోతుంది. తడిపి గీకాలి, లేదా రంగును మెత్తబరిచే లేపనం వాడాలి. ఆ పని జరిగేన్నాళ్లు పిల్లలను, గర్భిణులను ఆ ఇంట్లో ఉంచకూడదు. ఇంతా చేసి తీశాక రంగు కింద నుంచి బయటపడే చెక్కుడు పని ఏ దుకాణంలోనూ దొరకదు.

కొలతలు, మూలలు

మన జాతీయ భవన నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలంటుంది. అంటే 9 అడుగులు. అపార్టుమెంట్లు చాలావరకు తొమ్మిదికీ పదికీ మధ్యే కడతారు. ఆ ఎత్తులో ఫాల్స్ సీలింగు అర అడుగు తినేసి, దాని కింద 6 అంగుళాల కార్నిసు, దాని కింద ఇంకో పట్టీ వేస్తే గది మీద పడుతున్నట్టుంటుంది. 14 అడుగుల ఎత్తున్న పాత బంగళా ఫొటో చూసి ఆ కార్నిసునే ఇక్కడ అడగకూడదు. తొమ్మిదిన్నర అడుగుల గదికి 3 అంగుళాలది హాయిగా ఉంటుంది, 4 కన్నా పెద్దది వద్దు. ఫాల్స్ సీలింగు, కార్నిసు రెండూ కావాలనుకునేవారిని ఒకటి వదులుకోమనే చెబుతాను. గోడ మధ్య పట్టీ వేస్తే సరిగ్గా సగానికి వేయకూడదు, గది రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. మూడో వంతు దగ్గర, అంటే 32 నుంచి 36 అంగుళాల ఎత్తున వేస్తే అది కుర్చీ వీపు తగిలే ఎత్తు కూడా.

ఖర్చు లెక్క చాలామంది తప్పుగా వేసుకుంటారు. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న గది చుట్టూ కార్నిసు 52 అడుగులు. అదే గదిలో 14 అడుగుల ఒక్క గోడకు రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున్న నాలుగు చట్రాలు వేయిస్తే 68 అడుగుల బీడింగు పడుతుంది. ఒక్క గోడ నాలుగు గోడల కార్నిసును మించిపోయింది. చట్రాల వెడల్పు కలిపితే 120 అంగుళాలు, గోడ 168. మిగిలిన 48 అంగుళాలను ఐదు ఖాళీలుగా పంచితే ఒక్కోటి 9.6. ఈ లెక్క కాగితం మీద వేసుకుని, గోడ మీద రంగు టేపుతో అంటించి చూసుకుని, స్విచ్‌బోర్డు ఏ చట్రం అంచును కోస్తుందో, సోఫా ఎంతవరకు కప్పేస్తుందో గమనించాకే కొనాలి. సోఫా వెనక దాగే కింది భాగానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక కోతలు. నాలుగు చట్రాలంటే 16 మూలలు, 32 కోతలు. కూలీ రన్నింగ్ ఫుట్ లెక్కన అడిగినా, చేతిపని అంతా మూలల్లోనే ఉంది. గది మూలలో తిరిగే కార్నిసులో 45 డిగ్రీలకు కోసిన రెండు ముక్కలు కలవాలంటే గోడల మూల కచ్చితంగా 90 ఉండాలి. మన గోడల మూలలు 88 ఉంటాయి, 92 ఉంటాయి. మూల 92 ఉన్నచోట ఒక్కో కోత 46 పడాలి. మూలమట్టంతో ప్రతి మూలా కొలవకుండా అన్నీ 45కే కోసి, సందులను పుట్టీతో పూడ్చేస్తే ఆ పుట్టీ మొదటి ఎండాకాలంలోనే పగులుతుంది. లోపలి మూలలకు ఇంతకన్నా మేలైన పద్ధతి ఉంది. ఒక ముక్కను గోడదాకా తిన్నగా పోనిచ్చి, రెండోదాని కొసను మొదటిదాని ఆకారానికి సరిపోయేలా చెక్కి దాని మీద కూర్చోబెడతారు. మూల కాస్త అటూ ఇటూ ఉన్నా సందు కనబడదు. సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి అడిగితే తప్ప చేయరు. అడగండి, కాస్త కూలీ ఎక్కువిచ్చి చేయించుకోండి. పట్టీలు సాధారణంగా 8 అడుగుల పొడవున వస్తాయి. 14 అడుగుల గోడకు మధ్యలో అతుకు తప్పదు. ఆ అతుకు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసి ఒకదానిమీద ఒకటి వాలేలా ఉండాలి.

గోడను రాసుకుంటూ పడేలా ఎల్‌ఈడీ స్ట్రిప్పు పెట్టేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. పక్కవాటు వెలుతురు ప్రతి ఎగుడుదిగుడునూ, ప్రతి పుట్టీ మచ్చనూ ఎత్తి చూపుతుంది. పని ముగిశాక చేతిలో దీపం పట్టుకుని గోడ వెంట రాసుకుంటూ చూస్తే పనివాడు వెళ్లకముందే లోపాలు తెలుస్తాయి.

పట్టీలే వద్దనేవారి వాదన

ఒకప్పుడు అలంకారమంతా వ్యర్థమని, కట్టడం నున్నగా, నిజాయితీగా ఉండాలని వాదించిన ఆధునికవాదులు ఈ విషయంలో పెద్ద ముద్ర వేశారు. వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ అలంకారాన్ని నేరంతో ముడిపెట్టి రాసిన వ్యాసం దాని శీర్షికతోనే ప్రసిద్ధికెక్కింది. ఇవాళ నున్నని తెల్లగోడలు ఇష్టపడేవారిది ఆ వారసత్వమే. వాళ్ల వాదనలో బలం ఉంది. అడ్డంగా ఉన్న ప్రతి అంచూ దుమ్ము పట్టే అరే. మన ఊళ్ల దుమ్ముకు, బూజుకర్ర పట్టే ఓపికకు ఎన్ని అరలు కావాలో ఇల్లు తుడిచేవాళ్లు చెప్పాలి, డిజైన్ చేసేవాళ్లు కాదు. ఆ మాట చాలా ఇళ్లలో అడగరు, అడగాలి. దుమ్ము ఎలర్జీ ఉన్నవారి పడకగదిలో లోతైన గాళ్ల ప్యానెళ్లు వేయడం పొరపాటు.

అయితే ఏ పట్టీ లేని గోడే చవకనుకుంటే అది భ్రమ. కప్పే పట్టీ లేనప్పుడు ప్లాస్టరు అంచు తిన్నగా రావాలి, తలుపు చట్రం రసమట్టానికి అణువంత తేడా లేకుండా కూర్చోవాలి. అంత పనితనానికి కూలీ ఎక్కువే. మధ్యేమార్గం మన తాపీ మేస్త్రీలకు ఎప్పటినుంచో తెలుసు. చట్రానికీ ప్లాస్టరుకూ మధ్య సన్నటి గ్రూవు కొడతారు. పగులు వస్తే ఆ గాడిలోనే వస్తుంది, నీడలో కలిసిపోతుంది. కొత్తగా కట్టుకునేవారు ఈ పని ముందే చెప్పి చేయించుకుంటే తర్వాత బీడింగు ఖర్చే ఉండదు. కట్టేసిన ఇంట్లో మాత్రం చట్రం చుట్టూ ఉన్న పగులుకు పట్టీయే సరైన మందు. బడ్జెట్ కొద్దిదే అయితే ముందు తలుపుల చుట్టూ వేయించండి, గోడ మీది చట్రాల సంగతి ఆ తర్వాత. అద్దె ఇంట్లో ఉండేవారు జిగురు పట్టీల జోలికి వెళ్లకపోవడం మేలు. ఖాళీ చేసే రోజున ప్లాస్టరుతో సహా ఊడి వస్తాయి, అడ్వాన్సులో కోత పడుతుంది. వారికి జాజు పట్టె దారే మంచిది. మాస్కింగ్ టేపు అంటించి గోడ కింది మూడో వంతుకు ఒక రంగు, పైన రెండంగుళాల గీత ఇంకో రంగు. ఓనరును అడిగి ఒక ఆదివారం చేసుకోవచ్చు, వెళ్లేటప్పుడు ఒక పూతతో చెరిపేయవచ్చు.

పని వరస గురించి ఒక మాట. ముందు నీటి లీకులు, ఆ తర్వాత కరెంటు గొట్టాలు, తర్వాత ప్లాస్టరు మరమ్మతు, పైకప్పు కార్నిసు, గోడకు పుట్టీ, ఒక పూత రంగు. ఆ తర్వాతే కలప, పీయూ పట్టీలు, చివరి పూత. పీఓపీ పూర్తిగా ఎండకముందు రంగు వేస్తే పొరలుగా లేస్తుంది కాబట్టి మధ్యలో ఎండే రోజులకు చోటివ్వాలి. పండగ ముహూర్తం ముంచుకొస్తోందని ఈ రోజులను కుదించకూడదు. వాడిన ప్రతి రకం పట్టీలోంచీ ఒక నాలుగడుగుల ముక్కను అటక మీద దాచిపెట్టండి. రంగు డబ్బా మీది షేడ్ నంబరు, పీఓపీ కార్నిసు లాగిన రేకు కూడా పనివాడి దగ్గర అడిగి తీసుకుని దాంతోపాటే ఉంచండి. పదేళ్ల తర్వాత ఆ ఆకారం బజార్లో దొరకదు. మూడడుగులు చెడితే ఆ మూడడుగులే మార్చుకోవచ్చు, గది మొత్తం పీకక్కర్లేదు.